మిలిటరీ డాక్టరు గారు: ఒక దంతవైద్యుడి దీర్ఘజీవితం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, లంకల నుంచి రేవు దాటి ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ సంస్మరణ సభ ఆహ్వాన పత్రికలో డాక్టరు గారి పూర్తి పేరు, డిగ్రీ, సైన్యంలో ఆయన హోదా అన్నీ వివరంగా అచ్చువేశారు. నేను మాత్రం ఆయనను ఈ ఊరు ఎరిగిన పేరుతోనే, మిలిటరీ డాక్టరు గారు అనే చెప్పుకుంటాను. తొంభై ఏళ్లు దాటి బతికిన మనిషి సైన్యంలో గడిపిన కాలం పట్టుమని ఏడేళ్లు లేకపోయినా ఊరు ఆయనకు ఆ పేరే ఖాయం చేసింది. నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆయన దేశసేవను ఒక అధ్యాయంగా, ఊరికి చేసిన సేవను మరొక అధ్యాయంగా విడదీసి చెప్పారు. నేనూ దంతవైద్యుడినే; చదువు పూర్తయిన కొత్తలో ఆయన దగ్గర కొంతకాలం పనిచేశాను. ఆ చనువుతో ఒక మాట అనగలను. కాలువ గట్టు మీది ఆ రెండు గదుల క్లినిక్కులో నేను చూసిన పనిలో సగానికి పైగా ఆయన యుద్ధరంగంలో నేర్చుకుని వచ్చిన పనే. ఈ పూట ఆ సంగతి వివరంగా చెప్పదలచుకున్నాను.

ఆయన బాల్యం గురించి ఎక్కువ చెప్పను. కోనసీమ పల్లెలో నాలుగెకరాల మాగాణి ఉన్న ఇల్లు, లాంతరు చదువు, ఆపైన కాకినాడ పిఠాపురం రాజా వారి కళాశాల. ఆ తరంలో చాలామంది జీవితాలు అలాగే మొదలయ్యాయి. ఎంబీబీఎస్ సీటు రాలేదు కనుక దంతవైద్యంలో చేరానని ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పేవారు. మద్రాసు మెడికల్ కాలేజీలో దంతవైద్య విభాగం 1953 ఆగస్టులో తెరిచారు. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. అందువల్ల ఆ విభాగంలో తొలి బ్యాచ్‌లలో చదివిన తెలుగు కుర్రవాళ్లు కళ్లముందే పరాయి రాష్ట్రం వాళ్లయిపోయారు. దేశం మొత్తం మీద మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో గాని రాలేదు. మన డాక్టరు గారు పట్టా పుచ్చుకునే నాటికి మన జిల్లాల్లో పన్ను నొప్పి వస్తే వేప పుల్ల, లవంగ నూనె, వాకుడు గింజల పొగ, లేదా సంతలో కూర్చుని పంటి పురుగులు తీస్తామని కేకలు వేసే వాళ్లు, ఇవే దిక్కు.

1962 అక్టోబరులో చైనా యుద్ధం మొదలై అత్యవసర పరిస్థితి ప్రకటించాక, సైన్యానికి వైద్యులు కావాలన్న పిలుపు విని ఆయన చేరారు. దంతవైద్యుడికి యుద్ధంలో ఏం పని అని ఇంట్లో వాళ్లు అడిగారట. ఆ ప్రశ్న కొత్తది కాదు, పెద్ద పెద్ద సైన్యాలకు కూడా జవాబు ఆలస్యంగానే తెలిసింది. 1914లో బ్రిటిషు సైన్యం ఫ్రాన్సులో దిగినప్పుడు వెంట ఒక్క దంతవైద్యుడూ లేడు. ఎయిన్ నది దగ్గర పోరు సాగుతుండగా జనరల్ హేగ్‌కు పన్ను నొప్పి పట్టుకుంటే పారిస్ నుంచి దంతవైద్యుణ్ణి పిలిపించారని, ఆ తర్వాతే సైన్యానికి దంతవైద్యులను పంపడం మొదలైందని చెబుతారు. పెద్దవాడి పన్ను నొస్తే గాని చిన్నవాళ్ల పన్ను సంగతి ఎవరికీ పట్టలేదన్నమాట! బ్రిటిషు సైన్యంలో ప్రత్యేక దంతవైద్య విభాగం 1921లోను, భారత సైన్యంలో 1941 ఫిబ్రవరి 1న ఏర్పడ్డాయి. డాక్టరు గారు చేరింది ఈ రెండో దాంట్లోనే.

రిక్రూట్ల పళ్లు చూడడం, పుచ్చినవి తీయడం, సిమెంటు పెట్టడం, ప్రతివాడి నోటికి ఒక పటం గీసి అందులో ఏ పన్ను ఉంది, ఏది లేదు, దేనికి ఏం చేశారు అని గుర్తులు పెట్టడం శాంతికాలంలో ఆయన చేసిన పని. ఆ పటం గీయడంలో రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి వైద్యం, రెండోది మరణం. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేని శవాన్ని పళ్లను బట్టి గుర్తించవచ్చు. ఈ రెండో ప్రయోజనం గురించి మొదటి రోజే చెప్పారని, ఆ పూట అన్నం సహించలేదని ఆయన నాతో అన్నారు.

యుద్ధం మొదలైతే దంతవైద్యుడి పని మారిపోతుంది. ఫీల్డ్ అంబులెన్సుకు, అంటే యుద్ధరంగం దగ్గరి సైనిక వైద్య శిబిరానికి, క్షతగాత్రులు వస్తుంటే ఎవరిని ముందు చూడాలో, ఎవరిని వెనక ఆసుపత్రికి పంపాలో తేల్చడంలోను, మత్తు ఇవ్వడంలోను ఆయనా చెయ్యి వేయవలసిందే. దవడ గాయాలైతే పూర్తిగా ఆయనవే. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో ఫిల్లోరా, చవిండాల దగ్గర ట్యాంకుల పోరు సాగినప్పుడు ఆయన సియాల్‌కోట్ రంగంలో ఉన్నారు. ట్యాంకులో నిప్పు అంటుకుంటే లోపలి వాళ్లకు ముందుగా కాలేవి ముఖమూ చేతులూ అని, నూనె, దుమ్ము, నెత్తురు కలిసిన పొరను తుడిస్తే గాని దవడ ఏ వైపు విరిగిందో తెలిసేది కాదని చెప్పారు. అంతకు మించి ఆ రోజుల గురించి అడిగినా చెప్పేవారు కాదు. కాల్పుల విరమణ సెప్టెంబరు 23న జరిగింది కదా, తర్వాత ఏమిటని అడిగితే, మాకు పని అప్పుడే ఎక్కువైంది అని మాట మార్చేశారు.

ఒక్క సంగతి మాత్రం పూర్తిగా చెప్పారు. కింది దవడ తూటాకు చితికిపోయిన ఒక జవానును ఇద్దరు నడిపించుకుని వచ్చారు. అతను మాట్లాడలేడు, ఏ భాషవాడో తెలియదు, స్ట్రెచరు మీద పడుకోమంటే చేతులతో తోసేస్తున్నాడు. టార్చి వేసి చూస్తే పై వరస ముందుపళ్లు మిగిలి ఉన్నాయి. వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. చిన్నతనంలో ఫ్లోరైడు ఎక్కువున్న బావినీళ్లు తాగి పెరిగితే, పన్ను తయారవుతున్న దశలోనే ఆ చార పడుతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. మన దేశంలో ఆ జబ్బును 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే; పొదిలి అప్పుడు ఆ జిల్లాలోదే. డాక్టరు గారు అతని చెవి దగ్గర వంగి తెలుగులో, “ఏం నాయనా, పొదిలి వైపు వాడివా?” అన్నారు. జవాను తల ఊపాడు. ఆ తర్వాత చెప్పినట్టల్లా విన్నాడు.

అతను పడుకోనని తోసేయడం మొండితనం కాదు, అదే అతన్ని బతికించింది. కింది దవడ ముందుభాగం విరిగితే నాలుకకు ముందువైపు ఆధారం పోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. దానికి నెత్తురు తోడైతే నిమిషాల్లో ఊపిరి ఆగుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విలియం కెల్సీ ఫ్రై అనే వైద్యుడు దవడ విరిగిన సైనికుణ్ణి ముందుకు వంచి పట్టుకుని నడిపించుకుంటూ శిబిరానికి చేర్చాడు. అక్కడి వాళ్లు మర్యాదగా స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకోబెట్టారు, కొద్దిసేపట్లోనే ప్రాణం పోయింది. ఆ పాఠం తర్వాత సైనిక వైద్యంలో నియమమైంది. డాక్టరు గారు ఆ నియమాన్ని మన ఊరికి తెచ్చారు. రేవులో జనాన్ని దాటించే పంటు నడిపేవాళ్లకు, బస్సు కండక్టర్లకు, రిక్షా స్టాండు వాళ్లకు ఆయన పదే పదే చెప్పిన మాట ఒక్కటే: ముఖం పగిలినవాణ్ణి బోర్లా గాని పక్కకు గాని తిప్పండి, నాలుక ముందుకు లాగి పట్టుకోండి, నీళ్లు పోయకండి.

సైన్యం నుంచి వచ్చాక ఈ ఊళ్లో బోర్డు కట్టే ముందు ఆయన చేసిన మొదటి పని, అప్పటికే ఇక్కడ పళ్ల సెట్లు కడుతున్న పెద్దాయనను వెళ్లి చూడడం. ఆ పెద్దాయనకు డిగ్రీ లేదు. పట్టా లేకపోయినా అయిదేళ్లుగా అదే జీవనోపాధిగా ఉన్నవారికి 1948 చట్టం కింద రిజిస్టరులో రెండో భాగంలో చోటిచ్చారు. ఆయన ఆ జాబితాలోని మనిషి. కొత్తగా వచ్చిన పట్టభద్రులు అలాంటి వారిని ఈసడించుకునే రోజుల్లో, డాక్టరు గారు నోటి అచ్చులు తీసి, సెట్టు కట్టే పని ఆయనకే పంపేవారు. మైనం కరిగించడంలో, పంటి రంగు ముఖఛాయకు కలపడంలో ఆ చేతికి తన చెయ్యి చాలదని నాతోనే అన్నారు.

క్లినిక్కులో పరికరాల సంగతికి వస్తే, కాలితో తొక్కి తిప్పే డ్రిల్లు ఆయన దగ్గర చివరి వరకూ ఉంది. నిమిషానికి లక్షల చుట్లు తిరిగే ఎయిరోటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు దానితోనే పని చేశారు. దీనిని నిరాడంబరత అని ఇందాక ఒకరు పొగిడారు. నేను ఒప్పుకోను, అది పంతం. కాలి డ్రిల్లుతో పన్ను చెక్కడం నెమ్మది, వేడి ఎక్కువ, రోగికి కుర్చీలో నరకం. ఎయిరోటర్ కొనమని నేను పోరగా పోరగా ఎప్పటికో కొన్నారు. అయితే 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన కొబ్బరి తోటలను నేలమట్టం చేసి, స్తంభాలు కూలి, ఎన్నో రోజులు కరెంటు లేనప్పుడు ఈ చుట్టుపక్కల నడిచిన డ్రిల్లు అదొక్కటే. ఆయన ఆ సంగతి నాకు గుర్తు చేయడం ఎప్పుడూ మానలేదు. పనిముట్లు కాచే విషయంలో మాత్రం ఆయన మా అందరికన్నా ముందున్నారు. ఇక్కడ చాలాచోట్ల వేడినీళ్లలో ముంచి తీస్తున్న కాలంలోనే, వంటింటి ప్రెషరు కుక్కరులో పదిహేను పౌన్ల ఒత్తిడి మీద గడియారం చూసి ఇరవై నిమిషాలు ఉంచేవారు. ఆవిరి 121 డిగ్రీలకు చేరితే గాని కామెర్ల క్రిమిని నమ్మలేమని చెప్పేవారు. ఆ కుక్కరు మీద “వంటకు కాదు” అని ఎర్ర రంగుతో రాసి ఉండేది, రాయించింది అమ్మగారు.

ఇక యుద్ధవిద్య ఈ ఊరికి ఎక్కువగా పనికివచ్చిన చోటు కొబ్బరి తోట. మన దగ్గర ముఖం ఎముకలు విరిగి వచ్చేవాళ్లలో, మోటారు సైకిళ్లు పెరగక ముందు, చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాళ్లే ఎక్కువ. వాన తడికి చెట్టు జారుతుంది, కాలిబంధం తెగుతుంది, మనిషి బోదె గట్టు మీద పడతాడు. విరిగిన దవడను సరిగ్గా కలపాలంటే పై పళ్లనూ కింది పళ్లనూ స్టీలు తీగతో కలిపి కట్టి, ఎముక అతికే వరకు, అంటే సుమారు ఆరు వారాలు, నోరు తెరవకుండా ఉంచాలి. లోహపు పలకలూ మరలూ అందుబాటులో లేని రోజుల్లో ఈ పద్ధతితోనే దవడలు నిలిచాయి. పళ్ల కొలికి, అంటే పై పళ్లూ కింది పళ్లూ ఒకదానితో ఒకటి కలిసే తీరు, సరిగ్గా కూర్చుంటే ఎముక దానంతట అదే సరైన చోటికి వస్తుందన్నది ఇందులోని కిటుకు. శస్త్రవైద్యుడికి ఎముక కనిపిస్తుంది, దంతవైద్యుడికి కొలికి కనిపిస్తుంది. అందుకే యుద్ధంలో ఇద్దరూ ఒక బల్ల దగ్గర నిలబడాలి.

ఒక సాయంత్రం దింపు తీసే ఒకతనికి అలా తీగ కట్టాక, ఆయన అతని భార్యను లోపలికి పిలిచి, చేతికి తీగ కత్తిరించే చిన్న కత్తెర ఇచ్చి, ప్లాస్టరు నమూనా దవడకు కట్టిన తీగ చూపించి, “కొయ్యమ్మా” అన్నారు. ఆమె భయపడింది. “రాత్రివేళ ఇతనికి వాంతి వచ్చిందనుకో, నోరు కట్టేసి ఉంది, ఎటు పోతుంది? నన్ను పిలిచే లోపల ప్రాణం పోతుంది. ఇదిగో ఈ నిలువు తీగలు నాలుగూ కోస్తే చాలు, అడ్డ తీగల జోలికి పోకు,” అన్నారు. ఆమె మొదటిసారి అడ్డ తీగనే కోసింది. మళ్లీ కట్టి ఇచ్చారు. సరిగ్గా వచ్చే వరకు కోయించి, ఆ కత్తెరను తాడుతో అతని మెడలో వేసి, “ఇది తీయకు, స్నానానికి కూడా” అంటే, “ఆయ్, అలాగేనండి” అని ఆమే జవాబు చెప్పింది. గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, పప్పు కట్టు వెనక దవడ పన్ను దాటాక ఉండే సందులోంచి ఎలా పోయాలో కూడా చూపించారు. అతను మరుసటి సంవత్సరం మళ్లీ చెట్టెక్కాడు. ఎక్కవద్దని డాక్టరు గారు తిట్టారు గాని, వేరే బతుకుతెరువు ఏముందో ఆయనా చెప్పలేకపోయారు.

సైన్యం నేర్పిన పటాల అలవాటు ఇక్కడ కార్డులుగా మారింది. ప్రతి రోగికి ఒక నంబరు, ఒక కార్డు. కట్టుడు పళ్ల సెట్టు కడితే ఆ నంబరును సన్నని కాగితం మీద రాసి, సెట్టు లోపలివైపు పారదర్శకమైన పొర కింద ఇమిడ్చేవారు. సైనికుల సెట్ల మీద వాళ్ల నంబరు వేసే పద్ధతి అది; ఎందుకు వేస్తారో ఇందాక చెప్పాను. ఇక్కడ ఆ నంబరు అంత విషాదానికి పనికిరాలేదు. 1991 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో మునకలు వేసే ముందు పెద్దవాళ్లు సెట్లు తీసి కొంగున కట్టుకున్నారు, గుడ్డసంచిలో వేసుకున్నారు, మరిచిపోయారు. మెట్ల మీద దొరికిన ఒక సెట్టును ఎవరో మన క్లినిక్కుకు తెచ్చి ఇస్తే, నంబరు చూసి కార్డు తీసి, ఆ సాయంత్రానికే పక్క లంకలోని ముసలావిడకు చేర్చాం. ఆవిడ దానిని కడుక్కుని పెట్టుకుని, గోదావరి తల్లి ఇచ్చిందని చెప్పింది. డాక్టరు గారు అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద పనికి వస్తాను. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. ఆ పొగాకు పండించినవాళ్లు, చుట్టలు చుట్టినవాళ్లు, తాగినవాళ్లు ఆయన కుర్చీలో కూర్చుని పన్ను చూపించుకునేవారు. ఆయన పన్ను చివరగా చూసేవారు. మొదట పెదవి లోపలివైపు, బుగ్గలు, నాలుక కింద, నాలుక అంచులు, అంగిలి, ఆ వరస ఒక్కరికీ తప్పేది కాదు. దాడి జరిగిన చోట కళ్లకు కనబడే గాయం దగ్గరే ఆగిపోతే కనబడనిది చంపుతుందని నేర్చుకున్న మనిషి కనుక, నొప్పి లేని చోటే ముందు వెతికేవారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకుని తాగే అడ్డపొగ గురించి మీకు తెలుసు. టాటా సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, వాళ్ల సహచరులు శ్రీకాకుళంతో సహా అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ప్రకటించిన అధ్యయనం ప్రపంచమంతటా చదివారు. ఆ వ్యాసం ప్రతిని డాక్టరు గారు మద్రాసు నుంచి తెప్పించుకుని, అట్ట వేసి, సొరుగులో పెట్టుకున్నారు.

నోటిలో తెల్లని పొర కనిపించి, తోమినా గీకినా పోకపోతే, ఆయన కార్డు మూల ఎర్ర సిరాతో ఒక గీత గీసేవారు. ఆ గీత ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి రావాలి. రాకపోతే ఆదివారం సైకిలు మీద రేవు దాటి ఆయనే వాళ్ల గుమ్మంలో నిలబడేవారు. పుండు పడి మానకపోయినా, అంచు గట్టిపడినా, 1954లో అడయారులో వెలసిన క్యాన్సర్ సంస్థకు చీటీ రాసి మద్రాసు రైలెక్కించేవారు. వెళ్లినవాళ్లంతా బతికి రాలేదు, చీటీ పుచ్చుకుని అసలు వెళ్లనివాళ్లూ ఉన్నారు. పొలం అమ్మి వెళ్లడం ఇష్టంలేక ఇంట్లోనే పోయిన ఒక రైతు కార్డును ఆయన చాలాకాలం బల్ల మీదే ఉంచుకున్నారు. చుట్ట తగ్గి గుట్కా వచ్చాక కుర్రవాళ్ల నోళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. దానికి ఆయన పెట్టిన పరీక్ష ఈ సభలో అందరూ ఇప్పుడే చేసుకోవచ్చు. మీ మూడు వేళ్లు నిలువుగా, ఒకదాని మీద ఒకటి ఉండేలా, ముందుపళ్ల మధ్య పట్టాలి. పట్టకపోతే డాక్టరుకు చూపించాలి.

ఆయన ఉచితంగా వైద్యం చేశారని ఇందాక రెండుసార్లు వినిపించింది. ఫీజు తీసుకునేవారు, బాకీలు కూడా రాసుకునేవారు, పండుగ ముందు అడిగేవారు. అది తప్పని నేననుకోను. ఆ డబ్బుతోనే దూదీ మందూ కొన్నారు. కోపమూ ఉండేది. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని భయపడి వచ్చిన వాళ్లకు ఓపికగా చెప్పేవారు గాని, నిలబెట్టదగిన పన్నును పీకెయ్యమని పట్టుబట్టినవాళ్లను లేచి పొమ్మనేవారు. వాళ్లు పక్క ఊరు వెళ్లి పీకించుకుని వచ్చి, మళ్లీ ఈయన దగ్గరే సెట్టు కట్టించుకునేవారు!

ఎనభై దాటాక చెయ్యి వణకడం మొదలైన వారంలోనే డ్రిల్లు మానేశారు. కుర్చీలో నేను పని చేస్తుంటే, తాను పక్క గదిలో టార్చి పెట్టుకుని నోళ్లు చూసి కార్డులు రాసేవారు. మొన్నమొన్నటి వరకూ ఆ పని సాగింది.

ఆ కార్డుల పెట్టెలన్నీ ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. కుటుంబ సభ్యులు అప్పగించాక మూల ఎర్ర గీత ఉన్నవాటిని విడిగా తీసి, ఉన్న చిరునామాలకు కబురు పంపుతున్నాను. కొందరు ఊరు మారారు, కొందరి కొడుకులు హైదరాబాదులో ఉన్నారు, కొన్ని లంక ఇళ్లు వరదలో పోయాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ల నంబరు గుర్తులేకపోయినా ఇంటిపేరు, ఊరు చెబితే నేను వెతికి పట్టుకుంటాను. నా దగ్గర నుంచి ఫోను వస్తే, మాకు పన్ను నొప్పి ఏమీ లేదండీ అని పెట్టేయకండి. సోమవారం నుంచి సాయంత్రాలు క్లినిక్కు తెరిచే ఉంటుంది.